ఎంఏ మాస్ కమ్యూనికేషన్‌లో చేరాను, కెమెరా ముట్టుకోలేదు. మానేయాలా?

తుంగభద్ర_తీరం
మాది కర్నూలు వైపు. బీఎస్సీ అయ్యాక ఇంట్లో అందరూ బీఈడీ అంటే పోట్లాడి మరీ ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎంఏ మాస్ కమ్యూనికేషన్‌లో చేరాను. పేరు చెప్పను, చెబితే మా సార్లకు ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. మొదటి సెమిస్టర్ అయిపోయింది. కెమెరా ముట్టుకున్నది లేదు. ప్రాస్పెక్టస్‌లో స్టూడియో ఫోటో చూసి మురిసిపోయాను. ఆ స్టూడియో నిజంగానే ఉంది. గాజు తలుపులోంచి చూస్తే ట్రైపాడ్ మీద గుడ్డ కప్పిన కెమెరా కనిపిస్తుంది. తలుపుకు తాళం. అడిగితే "రెండో సంవత్సరంలో" అంటారు. రెండో సంవత్సరం వాళ్లేమో "ప్రాక్టికల్ పరీక్ష ముందు రోజు చూపించారు" అంటున్నారు.

తరగతిలో మాత్రం సమాచారం ఒకరినుంచి ఒకరికి ఎలా చేరుతుందో చెప్పే లాస్వెల్ నమూనా, షానన్-వీవర్ నమూనా, ష్రామ్ నమూనా. బోర్డు నిండా పెట్టెలు, బాణాలు. మా ఊరి స్నేహితుడు అమీర్‌పేటలో ఆరు నెలల ఎడిటింగ్ కోర్సు చేసి అప్పుడే పెళ్లి వీడియోలు చేసి సంపాదిస్తున్నాడు. నేనూ మానేసి అందులో చేరడం మంచిదా? తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

కృష్ణానగర్_కట్స్
మానేసెయ్యి తమ్ముడూ. ఇక్కడ ఎడిటింగ్ గదిలో ఎవరూ డిగ్రీ అడగరు. "రేపు పొద్దున్నకు ట్రైలర్ ఇవ్వగలవా" అని అడుగుతారు. రెండేళ్లు బాణాలు గీసి వచ్చేసరికి నీ స్నేహితుడు సొంత సిస్టం కొనుక్కుని ఉంటాడు.

డెస్కు_అక్క
కృష్ణానగర్ గారూ, ట్రైలర్ అడిగేవాళ్లు డబ్బు ఎప్పుడిస్తారో కూడా చెప్పండి. వినాలని ఉంది.

కృష్ణానగర్_కట్స్
అది వేరే చర్చ అక్కా. పండక్కి ఇస్తారు. ఏ పండగో చెప్పరు.

తుంగభద్ర_తీరం
తమ్ముడు కాదండీ, చెల్లెలు.

కృష్ణానగర్_కట్స్
సరే చెల్లెమ్మా, సలహా మాత్రం అదే.

అతిథి_అధ్యాపకుడు
నేను ఇలాంటి విభాగాల్లోనే గంటకింత అని పాఠాలు చెబుతుంటాను. తాళం వెనక సంగతి ఎవరూ విద్యార్థులకు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ప్రభుత్వ సంస్థలో కెమెరా కొనగానే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. ఎవరో ఒక ఉద్యోగి బాధ్యత కింద ఉంటుంది. లెన్సు పగిలినా, ఛార్జర్ పోయినా ఆడిట్‌లో ఆయన్నే అడుగుతారు. రిటైరయ్యే ముందు బాకీలు లేవని కాగితం రావాలంటే ఆ రిజిస్టర్‌లో ప్రతి వస్తువూ లెక్క తేలాలి. ఇంకో మూడేళ్లలో రిటైరయ్యే మనిషి ఇరవై ఏళ్ల పిల్లల చేతిలో లక్షల రూపాయల కెమెరా ఎందుకు పెడతాడు? ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు.

అందుకని "సార్, స్టూడియో తెరవండి" అంటే పని జరగదు. "ఫలానా పేపర్ ప్రాక్టికల్ కోసం, ఫలానా రోజు, ఇన్ని గంటలకు, ఈ నలుగురు విద్యార్థుల సంతకాలతో, ఫలానా మేడమ్ పర్యవేక్షణలో" అని విభాగాధిపతికి రాతపూర్వకంగా ఇవ్వాలి. వస్తువులు ఇచ్చి పుచ్చుకోవడానికి వేరే రిజిస్టర్ పెట్టమనీ అందులోనే కోరండి. బాధ్యత ఆ ఉద్యోగి ఒక్కడి నెత్తిన కాకుండా కాగితం మీదకు వస్తే చాలావరకు తలుపులు తెరుచుకుంటాయి. సిలబస్‌లో ప్రాక్టికల్స్‌కు ఎన్ని క్రెడిట్లో చూసి ఆ అంకె కూడా రాయండి. క్రెడిట్లు ఇచ్చి పని చేయించకపోవడం వాళ్లకూ ఇబ్బందే.

సగం_బెంచి
ఈ ఒక్క పోస్టు మా రెండేళ్ల ఎంఏ కంటే విలువైనది. మేము ధర్నా చేశాం. ఇంకో తాళం వేశారు.

ఫ్యాను_ఆపండి
సౌండ్ రికార్డిస్టును. కెమెరా కోసం ఏడుస్తున్నారు, బాగానే ఉంది. విద్యార్థుల లఘుచిత్రాలు నా దగ్గరకు మిక్సింగ్‌కు వస్తుంటాయి. బొమ్మ ఫోనుతో తీసినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. మాట వినపడకపోతే మాత్రం అరనిమిషం కూడా చూడరు. పైన ఫ్యాను తిరుగుతుంటుంది, పక్కన ఫ్రిజ్ గురగురలాడుతుంటుంది, మనిషికి ఎనిమిది అడుగుల దూరంలో ఫోను. తర్వాత "అన్నా, నాయిస్ తీసేయండి" అంటారు. ఫ్యాను తీసేస్తే గొంతు కూడా సగం పోతుంది, డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

ఒక కాలర్ మైకు కొనుక్కోండి, వైరు ఉన్నదే చాలు, చవకగా దొరుకుతుంది. ఇంటర్వ్యూ అయ్యాక అందరినీ నోరు మూసుకోమని ఆ గది నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో రెండు ముక్కల మధ్య అతకడానికి అదే దిక్కు. ఇంకొకటి. ఎవరి ఇంట్లోనైనా ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. మళ్లీ ఫ్రిజ్ వేయకుండా ఇంటికి వెళ్లలేరు. మా వృత్తిలో అందరికీ తెలిసిన ఉపాయమే ఇది.

సగం_బెంచి
మా స్టూడియో తాళం కూడా ఏదో ఫ్రిజ్‌లో ఉండిపోయిందేమో.

అమీర్‌పేట_బాధితుడు
ఆ ఆరు నెలల కోర్సు నేను చేశాను, ఆ సంస్థ పేరు వద్దు. చెప్పిందంతా ఏ మీట నొక్కితే ఏమవుతుందో. అందరికీ ఒకే పెళ్లి ఫుటేజీ. ఇరవై మందిమి అదే పెళ్లికూతురిని ఇరవై రకాలుగా నడిపించాం. ఇది ఎందుకు కట్ చేయాలి, ఇక్కడ ఎందుకు ఆగాలి అని ఎవరూ చెప్పలేదు. అడిగితే "క్లయింటు చెప్పినట్టు" అన్నారు. చెల్లెమ్మ స్నేహితుడు సంపాదిస్తున్నాడంటే ఆ అబ్బాయి పనిమంతుడు, అంతే. నా బ్యాచ్‌లో ఈ రంగంలో మిగిలింది తక్కువ మందే.

మీటలు నేర్చుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ దించుకుని వారం రోజులు కూర్చుంటే చాలు.

కృష్ణానగర్_కట్స్
వారం రోజుల్లో రిజాల్వ్ వస్తుందా? మా గురువు విన్నాడంటే మూర్ఛపోతాడు.

అమీర్‌పేట_బాధితుడు
మీటలు వస్తాయన్నాను, ఎడిటింగ్ వస్తుందనలేదు.

పాత_అనౌన్సరు
ఆకాశవాణిలో పనిచేసి రిటైరయ్యాను. మా కాలంలో ఎడిటింగ్ అంటే బ్లేడు. పావు అంగుళం వెడల్పు టేపు సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున నడిచేది. వక్త మధ్యలో అర సెకను ఊపిరి పీల్చాడంటే అది దాదాపు నాలుగు అంగుళాల టేపు. రీళ్లను చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఆ ఊపిరి ఎక్కడ మొదలైందో చెవితో పట్టుకుని, పసుపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఏటవాలుగా కోసి అతికించేవాళ్లం. నిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమంటుంది. తప్పు కోస్తే కోసిన ముక్కను కింద వెతుక్కోవాలి, అందుకని ముక్కలను మెడ చుట్టూ వేసుకునేవాడు మా సహోద్యోగి ఒకరు.

చెప్పొచ్చేదేమిటంటే, ఊపిరి మొత్తం కోసేస్తే మనిషి మాట మనిషి మాటలా ఉండదు. ఎంత ఉంచాలో తెలియడానికి యంత్రం ఎంత కొత్తదైనా ఉపయోగం లేదు. ఇప్పటి పిల్లల వీడియోల్లో ఊపిరి ఆడదు, నాకే ఆయాసం వస్తోంది.

డెస్కు_అక్క
ఇప్పుడు నేను తిడతాను, కారణంతో సహా. ఒక వార్తా సంస్థ డిజిటల్ డెస్కులో ఉన్నాను. కొత్తగా చేరేవాళ్లలో వీడియో చేయడం రానివాళ్లు ఇప్పుడు అరుదు. ఏది వేయకూడదో తెలియనివాళ్లు కొల్లలు. ఈమధ్య ఒక కుర్రాడు వేధింపులకు గురైన పాప కథనం తెచ్చాడు. ముఖం మసకబార్చాడు, పేరు మార్చాడు, చాలా జాగ్రత్తగా చేశానని గర్వంగా చూపించాడు. వెనక బడి బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది. తల్లి ఇంటి ముందు నిలబడి మాట్లాడుతోంది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పేరు, ఫోటోయే కాదు, చిరునామా, కుటుంబ వివరాలు, బడి, ఉండే పేట, ఏదీ బయటపెట్టకూడదు. ఆపకపోయి ఉంటే కేసు వాడి ఒక్కడి మీదే కాదు, సంస్థ మీద కూడా. అంతకంటే ముందు ఆ పాపను వీధిలో వాళ్లందరూ గుర్తుపట్టేవారు.

ఇది ఏ ఆరు నెలల కోర్సులోనూ చెప్పరు. నీ సిలబస్‌లో మీడియా చట్టాలు, నైతికత అని ఒక పేపర్ తప్పకుండా ఉంటుంది. దాన్ని పరీక్షకు ముందు రాత్రి గైడు కొని చదవకు.

తుంగభద్ర_తీరం
ఆ పేపర్ రెండో సెమిస్టర్‌లో ఉంది అక్కా. గైడు అప్పుడే కొన్నాను. పక్కన పెడతాను.

లెక్కల_మాస్టారు
మా అమ్మాయి కూడా ఇదే చదువుతానంటోంది. ఇక్కడ అందరూ కళ గురించి మాట్లాడుతున్నారు. ఉద్యోగం సంగతి ఎవరైనా చెబుతారా? దయచేసి "ప్రతిభ ఉంటే అవకాశాలు వాటంతటవే వస్తాయి" అనవద్దు.

డెస్కు_అక్క
మాస్టారూ, మొదట జీతాలు తక్కువే, దాచను. ఛానెళ్లలో రాత్రి షిఫ్టులు, పండగ పూట డ్యూటీలు. ఇంజనీరింగ్ చదివిన పక్కింటి అబ్బాయితో మాత్రం పోల్చకండి, మీకూ మనశ్శాంతి, అమ్మాయికీ మనశ్శాంతి. కాకపోతే మీడియా అంటే ఛానెలే అనుకోనక్కర్లేదు. ఆసుపత్రులు, కళాశాలలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీలు అన్నింటికీ ఇప్పుడు వీడియోలు కావాలి. ఓటీటీలకు తెలుగు డబ్బింగ్, సబ్‌టైటిళ్లు రాసేవాళ్లు కావాలి. ఇంగ్లీషు వచ్చి, తెలుగు తప్పుల్లేకుండా రాసేవాళ్లు దొరకడమే కష్టంగా ఉంది.

అతిథి_అధ్యాపకుడు
బోధన వైపు రావాలంటే అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం ఒక సబ్జెక్టు. దానికి పీజీ తప్పనిసరి, ఆరు నెలల సర్టిఫికెట్ పనికిరాదు. అయితే నెట్ పాసై గంటకింతకు పాఠాలు చెప్పే నాలాంటివాళ్లు ఉన్నారని కూడా మాస్టారు గమనించాలి.

ఒత్తుల_వైద్యుడు
తెలుగు తప్పుల మాట వచ్చింది కాబట్టి. గ్రాఫిక్స్ చేస్తాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైటిల్ వేస్తే ఒత్తులు కింద పడకుండా పక్కకు వచ్చి నిలబడడం అందరూ చూసే ఉంటారు. "రాష్ట్రం" అని కొడితే షకు కింద ఉండాల్సిన టకారం, రకారం విడిపోయి పొల్లులతో వరుసగా నిలబడతాయి. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలకు మార్చాలి. ఈ చిన్న సంగతి తెలియక టైటిళ్లను బొమ్మలుగా చేసి అతికించేవాళ్లు చాలామంది ఉన్నారు. పత్రికల్లో, ఛానెళ్లలో ఇంకా అను అనే పాత రకం తెలుగు ఫాంట్లు నడిచే చోట్లు ఉన్నాయి. అందులో కొట్టింది ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా వాడే యూనికోడ్‌లోకి నేరుగా అతికిస్తే గీతలూ గుర్తులూ వస్తాయి, కన్వర్టర్ వాడాలి. యూనికోడ్‌తో పాటు అదీ నేర్చుకోండి. కీబోర్డు చూడకుండా తెలుగు కొట్టగలిగితే చేరిన మొదటి రోజే డెస్కులో మర్యాద వేరు.

సగం_బెంచి
"రాష్ట్ర ముఖ్యమంత్రి" బదులు "రాష్‌ట్‌ర" అని రోజంతా స్క్రోలింగ్ నడిపిన ఛానెల్ నాకు తెలుసు. పేరు చెప్పను, నా జీతం అక్కడినుంచే.

జహీరాబాద్_బస్సు
ఎవరూ రేడియో మాట ఎత్తడం లేదు, పాత అనౌన్సరు గారు తప్ప. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో ఉంది. 2008లో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలకు చెందిన దళిత రైతు మహిళలు నడుపుతారు. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు, ఊరి కబుర్లు, అన్నీ వాళ్ల మాటలోనే. రికార్డింగు, ఎడిటింగు వాళ్లే నేర్చుకుని చేస్తారు. ఎంఏ చదివి కెమెరా లేదని కూర్చున్నవాళ్లు ఒకసారి వినాలి.

విశ్వవిద్యాలయాలకు ఇలా చుట్టుపక్కలవాళ్ల కోసం నడిచే కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు ఆ రేడియో కంటే ముందునుంచే ఉంది. విద్యాసంస్థలకు 2002లో అనుమతించారు, చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం 2004లో మొదలుపెట్టింది. స్వచ్ఛంద సంస్థలకు 2006లో కానీ రాలేదు. మన దగ్గర హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ నడుస్తోంది. చిన్న ట్రాన్స్‌మిటర్, చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్లే వినిపిస్తుంది, కానీ అందులో గంట కార్యక్రమం నిలబెట్టినవాడికి ఎక్కడైనా నమ్మకంగా పని ఇవ్వొచ్చు.

తుంగభద్ర_తీరం
మా దగ్గర రేడియో గది కూడా ఉందండీ. అందులో పాత జవాబు పత్రాల మూటలు పెట్టారు.

ఉపగ్రహం1975
పెట్టెలు, బాణాలు అని వెక్కిరిస్తున్నారు కాబట్టి ఒక ముసలి పరిశోధకుడి మాట వినండి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తెలుగు కార్యక్రమాలు తయారు చేసే కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండేది. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు. టీవీ పెడితే పల్లె మారిపోతుందని నమ్మినవాళ్లూ ఉన్నారు, ఎవరు ముందు కూర్చుంటారు, ఎవరు బయట నిలబడతారు అని అడిగినవాళ్లూ ఉన్నారు. మీ బోర్డు మీది బాణం సరిగ్గా అక్కడే ప్రశ్న అవుతుంది. పంపినవాడినుంచి అందుకునేవాడికి బాణం గీశారు, తిరిగి వచ్చే బాణం ఎక్కడ? షానన్ గీసింది టెలిఫోను ఇంజనీర్ల కోసం, 1948లో. దాన్ని మనుషులకు అంటగడితే ఏమి జారిపోతుందో మీ సారును అడగండి. ఆయనకూ ఉత్సాహం వస్తుంది. బోర్డు మీద పెట్టెలు గీసీ గీసీ ఆయన విసిగిపోయి ఉంటాడు.

కృష్ణానగర్_కట్స్
బాగుంది సార్, కానీ షానన్ గురించి తెలిసినందుకు ఎవరూ అద్దె కట్టరు.

ఉపగ్రహం1975
నిజమే. ట్రైలర్ చేసినందుకు కూడా కట్టడం లేదని మీరే చెప్పారు.

డెస్కు_అక్క
😂 పరిశోధకుడు గారు కొట్టిన సిక్సర్.

లీసెస్టర్_వాన
ఇక్కడ యూకేలో మీడియా ప్రొడక్షన్ మాస్టర్స్ చేస్తున్నాను. ఎవరైనా ఇటు రావాలనుకుంటే రెండు మాటలు. పరికరాల విషయంలో స్వర్గం. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే కౌంటర్ దగ్గర కెమెరా, లైట్లు, మైకు ఇచ్చేస్తారు, ఆలస్యంగా తిరిగిస్తే కొన్నాళ్లు ఇవ్వరు. కానీ కోర్సు ఏడాదే. వచ్చి చలికి అలవాటు పడేలోపు ప్రాజెక్టు గడువు వచ్చేస్తుంది. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ఏడాదిన్నరే. ఆ లోపు వీసా ఇప్పించే స్థాయి జీతంతో మీడియా ఉద్యోగం దొరకడం చాలా కష్టం, ఇక్కడివాళ్లే ఫ్రీలాన్స్ చేసుకుంటున్నారు. అప్పు చేసి మాత్రం రావద్దు.

లెక్కల_మాస్టారు
సూటిగా చెప్పారు. మా అమ్మాయికి ఈ పోస్టు చూపించాను. "నేను అడిగింది హైదరాబాదు, లండన్ కాదు" అంది.

వీసా_సందేహం
యూకే కంటే కెనడా మంచిదా? ఐఈఎల్‌టీఎస్ ఎంత రావాలి?

నిర్వాహకుడు
వీసా ప్రశ్నలకు వేరే విభాగం ఉంది. అక్కడ అడగండి. ఇక్కడ తాళం గురించి మాట్లాడుకుందాం.

ట్యూబ్‌లైట్_శత్రువు
తుంగభద్ర గారూ, కెమెరా దొరికే వరకు ఫోనుతో మొదలుపెట్టండి. మాన్యువల్‌గా సెట్ చేసుకునే ఉచిత యాప్‌లు ఉన్నాయి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అందుకని ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు మిణుకుతుంది. ఫోను తనంతట తాను సెకనుకు 30 ఫ్రేములకు, సెకనులో అరవయ్యో వంతు షట్టర్‌కు పోతే బొమ్మ మీద నల్ల చారలు పాకుతాయి. 25 ఫ్రేములు, షట్టర్ యాభయ్యో వంతు పెట్టండి, చారలు పోతాయి. హాస్టల్ గదిలోనే ప్రయత్నించి చూడండి, తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కెమెరా చేతికి వచ్చిన రోజున ఇవే అంకెలు అక్కడా.

తుంగభద్ర_తీరం
అందరి పోస్టులూ చదివాను, కొన్నింటిని మా తరగతి గ్రూపులో పెట్టాను కూడా. అతిథి అధ్యాపకుడు గారు చెప్పినట్టే ఉత్తరం రాసి విభాగాధిపతికి ఇచ్చాం. క్రెడిట్ల సంగతి చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. కెమెరా రెండో సంవత్సరం వాళ్లకు శనివారాలు ఇస్తారట, మాకు "చూద్దాం". కానీ మేము అడగని ఇంకో పని జరిగింది. జవాబు పత్రాల మూటలు పక్క గదికి మార్చి రేడియో గదిలో రికార్డు చేసుకోమన్నారు. మైకు పనిచేస్తోంది. మిక్సర్‌లో ఒక్క ఛానెల్ మాత్రం గరగరలాడుతోంది. ఫ్యాను_ఆపండి గారూ, అది వైరా, మిక్సరా? ఎలా తెలుసుకోవాలి?

మానేయడం గురించి: ఈ సెమిస్టర్ వరకు మానను. ఆ తర్వాత చూస్తాను.

ఫ్యాను_ఆపండి
అదే వైరును, అదే మైకును పక్క ఛానెల్‌కు మార్చి చూడండి. గరగర వెంట వస్తే వైరు లేదా మైకు. రాకపోతే మిక్సర్‌లో ఆ ఛానెల్ శబ్దం పెంచి తగ్గించే మీట, అంటే ఫేడర్ కింద దుమ్ము చేరి ఉంటుంది, ఏళ్ల తరబడి వాడకపోతే అంతే. ఫేడర్‌ను పైకీ కిందకూ ఓ ఇరవై సార్లు జరపండి, చాలాసార్లు అదే పోతుంది. పోకపోతే ఆ ఛానెల్ వదిలేయండి, మిగతావి ఉన్నాయి కదా. విప్పి మాత్రం చూడకండి, అది కూడా స్టాక్ రిజిస్టర్‌లో ఉంటుంది.

కృష్ణానగర్_కట్స్
రికార్డు చేసింది నాకు పంపు చెల్లెమ్మా, కట్ చేయడం చూపిస్తాను. డబ్బు వద్దు. పండక్కి ఇద్దువుగానీ.

పాత_అనౌన్సరు
నాకూ పంపండి. ఊపిరి మాత్రం ఉంచండి.

సగం_బెంచి
అతిథి అధ్యాపకుడు గారూ, ఆ ఉత్తరం నమూనా ఇక్కడ పెట్టగలరా? మా జూనియర్లు అడుగుతున్నారు. ధర్నా కంటే కాగితం తేలిక అంటున్నారు.

అతిథి_అధ్యాపకుడు
ఈ రాత్రికి టైపు చేసి పెడతాను. యూనికోడ్‌లోనే పెడతాను, ఒత్తుల వైద్యుడు గారికి పని లేకుండా.